పొద్దుటి మొరాయింపు: శంషాబాద్ ప్రాంతంలో కారు కోల్డ్ స్టార్టింగ్ సమస్య, దాని నిర్ధారణ

రాత్రంతా ఆగి ఉన్న కారు ఉదయం తొలిసారి తాళం తిప్పినప్పుడు అందుకోకపోవడం, లేదా అందుకున్నట్టే అందుకుని ఆగిపోవడం కోల్డ్ స్టార్టింగ్ సమస్య. బండి నడిపేవాళ్ల మాటలో ఇది ‘పొద్దున స్టార్టింగ్ ట్రబుల్’. ఒకసారి వేడెక్కాక అదే బండి రోజంతా ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. సాయంత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏ లోపమూ బయటపడదు. లోపం కనిపించేది ఆ తొలి నిమిషంలోనే కాబట్టి దాన్ని పట్టుకోవలసిందీ ఆ నిమిషంలోనే.

ఇక్కడ ‘చల్లని ఇంజిన్’ అంటే చలికాలపు ఇంజిన్ అని కాదు. నడిచే ఇంజిన్‌లో కూలెంట్ వేడి సుమారు 90 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బండిని ఆపిన ఆరేడు గంటలకు అది బయటి గాలి వేడికి దిగివస్తుంది. మే నెల తెల్లవారుజామున గాలి 28 డిగ్రీలున్నా ఇంజిన్‌కు అది చల్లదనమే. రాత్రంతా ఆగి ఉన్న ప్రతి ఇంజిన్ చల్లని ఇంజినే.

ప్రాంతం, వాతావరణం

శంషాబాద్ రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్‌కు దక్షిణాన, బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. బేగంపేటలోని పాత విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చి 23న ఇక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊరి పక్కనుంచే వెళ్తుంది. నగరం నుంచి విమానాశ్రయం వైపు సాగే దారిలో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో తెరుచుకుంది. విమానాశ్రయంతో పాటు ఈ ప్రాంతానికి రెండు రకాల కార్లు వచ్చాయి. ఒకటి, తెల్లవారుజాము విమానాల కోసం రెండు, మూడు గంటలకే కదలాల్సిన క్యాబులు. రెండోది, యజమాని ఊళ్లో లేని రోజులన్నీ పార్కింగ్‌లో కదలకుండా ఉండే సొంత కార్లు. కోల్డ్ స్టార్టింగ్ సమస్య రెండింటినీ వేధిస్తుంది, కారణాలు మాత్రం వేరువేరు.

విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంలో కంటే దాదాపు ఏడు శాతం తక్కువ. ఈపాటి తేడాను నేటి ఇంజిన్ కంప్యూటర్ తనంతట తానే సర్దుకుంటుంది. జనవరిలో హైదరాబాద్ సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నగరంలో నమోదైన అత్యల్పం 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. కాంక్రీటు దట్టంగా లేని రాజేంద్రనగర్, శంషాబాద్ వంటి శివార్లలో చలి నగరం నడిబొడ్డు కంటే కాస్త ఎక్కువ. అయినా ఇంజిన్ లెక్కలో ఇది చలే కాదు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ను ప్రవేశపెట్టవలసి వచ్చింది. శంషాబాద్‌లో డీజిల్ గడ్డకట్టదు, ఇంజిన్ ఆయిల్ బంకగా మారదు. కాబట్టి ఇక్కడ కారు పొద్దున్నే మొరాయిస్తే చలిని నిందించి ఊరుకోకూడదు. ఎక్కడో ఒక భాగం అప్పటికే బలహీనపడి ఉంది. చలి, రాత్రంతా కదలకుండా ఉండటం కలిసి దాన్ని బయటపెట్టాయంతే.

హ్యాండిల్ నుంచి కంప్యూటర్ దాకా

తొలినాటి కార్లను ముందువైపు ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. ఆ శ్రేణి కార్లకు విద్యుత్ స్టార్టర్ 1919లో గానీ రాలేదు. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 నమూనా కాడిలాక్ కార్లతో బజారుకెక్కింది. మన వాడుకలోని ‘సెల్ఫ్’ అదే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన మారుతి 800 కార్లలో పెట్రోల్‌ను గాలిలో కలిపేది కార్బురేటర్. పొద్దున చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరిగేది. ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో డ్రైవర్ చేతికి తెలిసేది. 2000 ప్రాంతంలో కాలుష్య ప్రమాణాలు బిగిసేకొద్దీ కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. చోక్ చేసే పనిని కూలెంట్ వేడి చెప్పే సెన్సార్, ఆ కబురు విని ఇంధనం కొలిచే కంప్యూటర్ అందుకున్నాయి. చేతికి తెలిసిన విద్య తీగల్లోకి వెళ్లిపోయింది. దాంతో లోపాన్ని వెతికే తీరూ మారక తప్పలేదు.

ఇంజిన్ అందుకోవాలంటే

ఇంజిన్ తగినంత వేగంతో తిరగాలి. సిలిండర్లలో గాలి గట్టిగా నొక్కుకోవాలి. ఇంధనం సరైన పాళ్లలో చేరాలి. సరైన క్షణంలో అది అంటుకోవాలి. పెట్రోల్ ఇంజిన్‌లో అంటించేది ప్లగ్గు నిప్పురవ్వ. డీజిల్ ఇంజిన్‌లో ఆ పని నొక్కుకుని వేడెక్కిన గాలిదే.

చల్లని ఇంజిన్‌లో ఈ పనులన్నీ ఒకేసారి కష్టమవుతాయి. ఆయిల్ చిక్కగా ఉంటుంది. బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాక గొట్టాల గోడలకు తడిగా అంటుకుంటుంది. అందుకే కంప్యూటర్ పొద్దుటి పూట ఇంధనాన్ని ఎక్కువ పాళ్లలో పంపుతుంది. వేడెక్కాక ఈ కష్టాలన్నీ తొలగిపోతాయి కాబట్టి బలహీనమైన భాగం కూడా బలమైనదిలాగే నటిస్తుంది.

మొదటి సాక్ష్యం: శబ్దం

నిర్ధారణ చెవితో మొదలవుతుంది. తాళం తిప్పినప్పుడు ‘టిక్’ మని ఒక్క చప్పుడో, ‘టకటక’ మని వరుస చప్పుళ్లో వచ్చి ఇంజిన్ కదలకపోతే బ్యాటరీ, టెర్మినళ్లు, సెల్ఫ్ మోటారు అనుమానితులు. ఇంజిన్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే కూడా వెతకాల్సింది అక్కడే. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయాలి. లోపం ఇంధనంలోనో, నిప్పులోనో, సెన్సార్లలోనో ఉంది. అందుకుని రెండు మూడు క్షణాల్లో ఆగిపోతే గాలి దారిని, ఇంధన పాళ్లను చూడాలి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటుంటే కారు తన తాళాన్ని గుర్తించలేదన్నమాట. అప్పుడు ఇంజిన్‌ను విప్పడం వృథా. రెండో తాళంతో ప్రయత్నించాలి.

ఈ విభజన జరగకముందే విడిభాగాలు మార్చడం మొదలైతే ఖర్చు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

బ్యాటరీ, తీగలు, సెల్ఫ్

శంషాబాద్ ప్రాంతంలో ముందుగా చూడవలసింది బ్యాటరీనే. దాన్ని దెబ్బతీసేది చలికాలం కాదు, ఎండాకాలం. 40 డిగ్రీల ఎండలో బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడికి బ్యాటరీలో నీరు ఆవిరవుతుంది, లోపలి సీసపు పలకలు త్వరగా తినివేతకు గురవుతాయి. వేసవిలో పోయిన బలం డిసెంబరులో తెలుస్తుంది. మేలో తగిలిన దెబ్బకు జనవరిలో నొప్పి మొదలైనట్టు. మన ఎండల్లో మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని చలికాలానికి ముందే పరీక్షించడం మంచిది.

మల్టీమీటర్ ఉంటే పరీక్ష సులువు. రాత్రంతా ఆగిన బండిలో, ఏ స్విచ్చూ వేయకముందు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టులకంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇస్తున్నట్టు. బ్యాటరీ నిండుగా ఉండి కూడా సెల్ఫ్ మందంగా తిరిగితే తీగలను చూడాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, ఇంజిన్ ఇనుముకు మధ్య 0.3 వోల్టుకు మించి చూపితే ఎర్తింగ్ తీగ పాడైందని అర్థం. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, నీలిరంగు పొడి చాలాసార్లు అసలు దోషి. తీగలు విప్పి, వేడి నీళ్లతో కడిగి, తుడిచి, గట్టిగా బిగిస్తే రూపాయి ఖర్చు లేకుండా జబ్బు నయమవుతుంది.

రోజుల తరబడి పార్కింగ్‌లో ఉన్న కారుది వేరే కథ. తాళం తీసేశాక కూడా అలారం, గడియారం, కంప్యూటర్ కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లకు లోపుంటే మామూలే. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పదిహేను రోజులకు 18. చిన్న పెట్రోల్ కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. పదిహేను రోజుల ప్రయాణం ముగించుకుని విమానం దిగేసరికి బ్యాటరీ సగమైపోతుందన్నమాట. దానికి జీపీఎస్ ట్రాకరో డ్యాష్ కెమెరానో తోడైతే మిగిలేది ఇంకా తక్కువ. క్యాబు డ్రైవర్ల ఇబ్బంది ఇంకో రకం. సవారీ కోసం గంటలు గంటలు ఎదురుచూస్తూ ఇంజిన్ ఆపి ఫోను ఛార్జింగ్, పాటలు, లోపలి దీపం వాడితే బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది.

పెట్రోల్ కార్లు

చురుగ్గా తిరిగి అందుకోని పెట్రోల్ కారులో ముందు ఇంధన ఒత్తిడి చూడాలి. గొట్టాల్లో మూడు నాలుగు బార్ల ఒత్తిడి రాత్రంతా చాలావరకు నిలవాలి. పంపులోని వాల్వ్ అరిగినా, ఇంజెక్టర్ బొట్లు కార్చినా పొద్దుటికి ఆ ఒత్తిడి పోతుంది. దీనికి ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఉంది. సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ‘ఆన్’ దాకా తిప్పి రెండు సెకన్లు ఆగి ఆపాలి. ఇలా మూడుసార్లు చేస్తే ప్రతిసారీ పంపు కాస్సేపు నడిచి ఒత్తిడి నింపుతుంది. తర్వాత ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయితే రాత్రి ఒత్తిడి జారిపోతోందన్న అనుమానం బలపడుతుంది.

రెండోది కూలెంట్ సెన్సార్. చల్లగా ఉన్నప్పుడు దీని నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సాధారణంగా రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. పాడైన సెన్సార్ పొద్దున్నే ‘ఇంజిన్ వేడిగా ఉంది’ అని అబద్ధం చెబితే కంప్యూటర్ చాలీచాలని పెట్రోల్ పంపుతుంది. దీన్ని పట్టుకునే పరీక్ష చక్కనిది. బండిని స్టార్ట్ చేయకముందే కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ తగిలించి కూలెంట్ వేడిని, లోపలికి వచ్చే గాలి వేడిని పక్కపక్కన చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. గాలి 16 డిగ్రీలని, కూలెంట్ 60 డిగ్రీలని చూపితే దొంగ దొరికినట్టే. తీగ షార్టయితే పి0117, తెగితే పి0118 అనే లోప కోడ్‌ను కంప్యూటర్ దాచుకుంటుంది. విలువ తప్పుగా ఉండి హద్దులు దాటకపోతే చాలాసార్లు కోడ్ పడదు, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలగదు. అప్పుడు ఈ పోలిక ఒక్కటే దారి.

మూడోది ప్లగ్గులు. విప్పి చూసినప్పుడు కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పెట్రోల్‌తో తడిసి ఉంటే నిప్పు రావడం లేదు, లేదా పెట్రోల్ ఎక్కువైంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ పాలు ఎక్కువ. జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి చేరుతోంది. ఎక్సలరేటర్ కాస్త తొక్కితేనే స్టార్టవుతుంటే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుందేమో చూసి శుభ్రం చేయించాలి. నగర శివారు పొలాలు, ఖాళీ జాగాల పక్కన రోజుల తరబడి ఉంచిన బండిలో ఎలుకలు తీగలు కొరికాయేమో కూడా చూడాలి.

దేశంలో ఈ20 పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇందులో 20 శాతం ఇథనాల్. ఆవిరవడానికి ఇథనాల్‌కు పెట్రోల్ కంటే రెట్టింపుకు పైగా వేడి కావాలి. బ్రెజిల్‌లో ఇథనాల్‌తోనే నడవగల కార్లకు చలి పొద్దుల కోసం చిన్న పెట్రోల్ ట్యాంకు విడిగా పెట్టేవారు. ఈ20లో 80 శాతం పెట్రోలే కనుక మన చలికి మంచి ఇంజిన్ ఇబ్బంది పడదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అందుకే నెలల తరబడి కదలని కారులోని పాత ఇంధనాన్ని అనుమానించాలి.

డీజిల్ కార్లు

డీజిల్ ఇంజిన్‌లో నొక్కుకున్న గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కాలి. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిలో కొంత అవి లాగేసుకుంటాయి. ఆ లోటు తీర్చేవి హీటర్ ప్లగ్గులు. వీటి కొస 800 డిగ్రీలు దాటి ఎర్రగా కాలుతుంది. తాళం తిప్పగానే కనిపించే స్ప్రింగు ఆకారపు దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టడం డీజిల్ బండి తొలి మర్యాద. ఒక్కో ప్లగ్గు నిరోధం సాధారణంగా ఒకటి రెండు ఓమ్‌లకు మించదు. మీటర్‌లో తెగినట్టు చూపితే అది పనికిరాదు. ఒక ప్లగ్గు పోతే తొలి నిమిషం ఇంజిన్ ఒంటికాలి మీద కుంటుతూ, తెల్లటి పొగ వదులుతూ నడుస్తుంది. మూడు పోతే అందుకోవడమే కష్టం.

హీటర్ ప్లగ్గులు బాగున్నా మొరాయిస్తే ఇంధన గొట్టంలోకి గాలి చొరబడుతోందేమో చూడాలి. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉన్న బండిలో పొద్దున దాన్ని నాలుగుసార్లు నొక్కాక వెంటనే స్టార్టయితే రాత్రి డీజిల్ వెనక్కి జారిపోతున్నట్టే. కామన్ రైల్ ఇంజిన్‌లో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టంలో (రైల్‌లో) ఒత్తిడి నిర్ణీత స్థాయికి చేరితే గానీ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. అరిగిన ఇంజెక్టర్లు డీజిల్‌ను వెనక్కి వదిలేస్తే ఆ స్థాయి అందదు. ప్రతి ఇంజెక్టర్ తిరుగు గొట్టానికి ఒక సీసా కట్టి కొలిస్తే ఎక్కువ వదిలేది బయటపడుతుంది.

సీఎన్జీ క్యాబులు

హైదరాబాద్‌లో సీఎన్జీ సరఫరా చేసేది భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్. విమానాశ్రయం బాట పట్టిన క్యాబుల్లో సీఎన్జీవి కూడా ఉంటాయి. ఇలాంటి కార్లలో చాలావరకు మొదట పెట్రోల్‌తో స్టార్టయి, కాస్త వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. పెట్రోల్ ఖర్చెందుకని ట్యాంకును దాదాపు ఖాళీగా ఉంచితే పంపు ఎండిపోయి దెబ్బతింటుంది, మిగిలిన కాస్త పెట్రోల్ పాతబడుతుంది. రోజంతా గ్యాస్ మీద పరుగెత్తే బండి తెల్లవారుజామున రెండు గంటలకు మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం. ట్యాంకులో ఎప్పుడూ నాలుగైదు లీటర్ల తాజా పెట్రోల్ ఉంచి, వారానికోసారి కొంత దూరం దానిమీద నడపడం ఈ జబ్బుకు మందు.

పొగ చెప్పే సంగతి

స్టార్టయ్యాక వచ్చే పొగను అద్దంలో చూసి వదిలేయకూడదు. నల్ల పొగ ఇంధనం ఎక్కువైందని చెబుతుంది. తొలి నిమిషం మాత్రమే నీలి పొగ వస్తే రాత్రి వాల్వుల రబ్బరు సీళ్ల మీదుగా ఆయిల్ కారుతోంది. తియ్యటి వాసనతో తెల్ల పొగ వచ్చి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ నుంచి కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోంది. ఈ చివరిదాన్ని వాయిదా వేస్తే ఇంజినే పోవచ్చు. చలి ఉదయాన సైలెన్సర్ నుంచి పలచగా వచ్చి కొద్ది నిమిషాల్లో మాయమయ్యేది ఉత్త నీటి ఆవిరి, దానికి భయపడనక్కర్లేదు.

పరీక్షల వరుస

సాయంత్రమే బండిని మెకానిక్ దగ్గర వదిలి, రాత్రి అక్కడే ఉంచి, ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పడం అసలైన మొదటి అడుగు. పొద్దున మొదట బ్యాటరీ వోల్టేజీ కొలవాలి. తర్వాత స్కానర్‌లో రెండు ఉష్ణోగ్రతలు, దాగి ఉన్న కోడ్లు చూసి రాసుకోవాలి. ఆపై ఇంధన ఒత్తిడి కొలవాలి. అప్పుడు గానీ సెల్ఫ్ కొట్టకూడదు. కొడుతుండగా వోల్టేజీ ఎంత పడింది, స్కానర్‌లో ఇంజిన్ వేగం కనిపించిందా అన్నది గమనించాలి. ఇంజిన్ తిరుగుతున్నా వేగం సున్నా చూపితే క్రాంక్ సెన్సార్‌ది తప్పు. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ప్లగ్గులు, చివరగా సిలిండర్లలో గాలి నొక్కుడును కొలిచే కంప్రెషన్ పరీక్ష. చౌకవి ముందు, విప్పేవి వెనుక.

చేయకూడనివి

సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఒకేసారి కొట్టకూడదు. ప్రతిసారీ కనీసం అర నిమిషం ఆగాలి. పెట్రోల్ ఎక్కువై తడిసిందనిపిస్తే ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. చాలా కార్లలో అప్పుడు కంప్యూటర్ పెట్రోల్ ఆపి గాలిని మాత్రమే పంపుతుంది. పదేపదే తోసి స్టార్ట్ చేస్తే కాలని పెట్రోల్ పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని కాల్చేస్తుంది. ఆటోమేటిక్ గేరు బండిని తోయనే తోయకూడదు. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ ఇంజిన్‌లోకి ఈథర్ స్ప్రే కొడితే పేలుడు ప్రమాదం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తలుపులు మూసి ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరి కొసను దిగిపోయిన బండి ఇంజిన్ ఇనుముకు పెట్టాలి. ఆ చివరి కొస దగ్గర వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు దూరంగా ఉండాలి కాబట్టి ఈ వరుస.

నివారణ

కంపెనీ చెప్పిన ఆయిల్ వాడటం, ప్లగ్గులు, ఫిల్టర్లు వేళకు మార్చడం, బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ మట్టాన్ని వేసవిలో నెలకోసారి చూడటం చాలావరకు సరిపోతుంది. ఊరికి వెళ్లేముందు ట్రాకర్, కెమెరా తీగలు తీసేసి, బ్యాటరీ నిండిందో లేదో కొలిపించుకోవాలి. తిరిగొచ్చాక పార్కింగ్‌లో ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేస్తే బ్యాటరీ నిండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ముప్పావు గంట నడిపితే కొంత కోలుకుంటుంది. బాగా దిగిపోతే ఛార్జర్‌కు పెట్టడమే మేలు.

ఈ జాగ్రత్త బండి యజమాని మేలు కోసమే కాదు. ప్రయాణంలో వెలువడే కాలుష్యంలో పెద్ద భాగం కాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కకముందు, ఈ తొలి నిమిషాల్లోనే పుడుతుంది. ఇక తెల్లవారుజామున విమానం అందుకోవలసిన ప్రయాణికుడికి, ఆ సవారీ మీదే రోజు కూలి ఆధారపడిన డ్రైవర్‌కు ఇంజిన్ తొలి సెల్ఫ్‌కే అందుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. చల్లని ఇంజిన్ నిజం చెప్పేది రోజుకొక్కసారే. ఆ ఒక్కసారి మీటర్ చేతపట్టుకుని దాని పక్కన నిలబడిన మెకానిక్, మిగతా రోజంతా విప్పి వెతికినవాడికంటే ముందే జబ్బును పట్టుకుంటాడు.